బరువు లెక్క సరుకుల చీటీలోనే ఉంది

బరువు గురించి మన ఇళ్లలో జరిగే మాటలన్నీ ఎవరో ఒక మనిషి చుట్టూ తిరుగుతాయి. "అమ్మ లావైపోతోంది, పొద్దున్నే నడవమను." "నాన్నకి పొట్ట వచ్చేసింది, రాత్రిపూట అన్నం మానేయమను." "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, జిమ్‌లో చేర్పించాలి." ఆ మనిషి కొన్నాళ్లు కడుపు మాడ్చుకుని నాలుగైదు కిలోలు తగ్గి, తర్వాత మళ్లీ పెరిగితే, "మనసు గట్టిగా ఉండాలి, తనకది లేదు" అని తీర్పు చెప్పేస్తాం. ఇది అన్యాయమని నా వాదన. బరువు చాలావరకు ఇంటి వ్యవహారం. ఆ ఇంటికి నెలకి ఎంత నూనె వస్తోంది, ఎంత పప్పు వస్తోంది, ఎన్ని కూరగాయలు వస్తున్నాయి అన్నది ముందు చూడాలి. మనిషిని నిలదీయడం ఆ తర్వాత.

ఈ మాట చెప్పడానికి నాకున్న ఆధారం ఏమిటంటే, విజయవాడ సత్యనారాయణపురంలో మాకు కిరాణా కొట్టు ఉంది. మామయ్యగారు పెట్టిన కొట్టు, ఇప్పుడు మా ఆయనా నేనూ చూసుకుంటున్నాం. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి సరుకు తెచ్చుకుంటాం. ఒకప్పుడు వీధిలోవాళ్లు నెల మొదట్లో పిల్లల చేత సరుకుల చీటీ కాగితం మీద రాసి పంపేవారు, ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో పెడుతున్నారు. నేను డాక్టర్ని కాను. కానీ ఏ ఇంట్లో ఏ నూనె ఎన్నాళ్లకి అయిపోతోందో, ఎవరింట్లో పప్పు తగ్గి బిస్కెట్లు పెరిగాయో చీటీలు కట్టేవాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. డాక్టరు "ఏం తింటారు?" అని అడిగితే అందరూ "పెద్దగా ఏం తిననండీ" అనే చెబుతారు. అబద్ధమాడాలని కాదు, నిజంగానే గుర్తుండదు. చీటీలో మాత్రం అంతా ఉంటుంది.

ఈ కొట్లో కూర్చుని మూడు పెద్ద డైట్ల గాలి చూశాను. మంతెన సత్యనారాయణరాజు గారి మాట విని ఉప్పూ నూనే లేని వంట మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. ఆ ఇళ్ల చీటీల్లోంచి నూనె ప్యాకెట్లు మాయమై ఖర్జూరాలు, తేనె, పెసలు వచ్చాయి. తర్వాత వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ వచ్చింది. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిన్ మాత్రలు. బియ్యం బస్తా వద్దని చెప్పి కొబ్బరినూనె, నెయ్యి అడిగారు. ఆ వెంటనే ఖాదర్ వలి గారి సిరిధాన్యాలు. కొర్రలు, అండుకొర్రలు, అరికలు, సామలు, ఊదలు తెప్పించమని రోజూ అడిగేవారు. ఒకరు నూనె విషమంటే ఇంకొకరు నూనే మందన్నారు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లవాళ్లు ఇలా పూర్తిగా ఎదురెదురు దారుల్లో వెళ్లి, రెండిళ్లలోనూ మొదటి మూడు నెలలు బరువు తగ్గారు.

అదెలా సాధ్యం? నాకు చాలాకాలం అర్థం కాలేదు. చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. మూడు డైట్లలోనూ చక్కెర పోయింది. మైదా పోయింది, బిస్కెట్లూ మిక్చరూ కూల్‌డ్రింకులూ పోయాయి, బయటి తిండి పోయింది. ఏం తినాలన్న దగ్గర కొట్లాడుకున్నారు గానీ ఏం మానాలన్న దగ్గర ముగ్గురిదీ దాదాపు ఒకే మాట. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంవాళ్లు 609 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి కొవ్వు తక్కువ తిండి, ఇంకో గుంపుకి పిండిపదార్థాలు తక్కువ తిండి ఏడాదిపాటు తినిపించారు. 2018లో ఫలితం వచ్చింది. మొదటివాళ్లు సగటున 5.3 కిలోలు, రెండోవాళ్లు 6 కిలోలు తగ్గారు. లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా కాదన్నారు. ఆ రెండు గుంపులకీ ఉమ్మడిగా చెప్పినవి కొన్ని ఉన్నాయి: కూరగాయలు బాగా తినండి, చక్కెరా మైదా తగ్గించండి, వీలైనంతవరకు ఇంట్లో వండుకోండి. నాకు ఆ ఉమ్మడి మాటలే ముఖ్యంగా కనిపిస్తాయి.

సరే, మరి ఆ తగ్గినవాళ్లు మళ్లీ ఎందుకు పెరిగారు? ఎందుకంటే డైట్ చేసింది ఒక్కరు, వంటిల్లు మారలేదు. మా వీధిలో ఒక పిన్నిగారు కొర్రలు కొనడం మొదలుపెట్టి కొన్ని నెలలకే ఆపేశారు. "ఏం పిన్నిగారూ, పడలేదా?" అని అడిగాను. "పడకపోవడమేంటమ్మా, బాగానే పడ్డాయి. వాళ్లందరికీ వండి, మళ్లీ నాకు వేరే కుక్కర్ పెట్టుకునే ఓపిక నాకెక్కడిది? పైగా వాళ్ల కంచాల్లో మిగిలింది పారేయలేక నేనే తింటాను" అన్నారు. ఈ జవాబు నేను ఎంతమంది నోట విన్నానో. మన ఇళ్లలో బరువు తగ్గమని ఎక్కువసార్లు చెప్పించుకునేది వంట చేసే ఆడమనిషే. పిల్లలకి బాక్సులో వేపుడు, ఆయనకి సాయంత్రం పునుగులు, అత్తగారికి మెత్తటి అన్నం, ఇవన్నీ చేసి, ఆ వాసనల మధ్య నిలబడి తను మాత్రం ఓట్స్ తాగాలి. అందరూ తిన్నాక మిగిలిన గుప్పెడు అన్నం, అడుగున మిగిలిన కూర, రెండు బజ్జీలు ఆమె లెక్కలోకే వస్తాయి. అలాంటి మనిషికి మనసు గట్టిగా లేదనడానికి నోరెలా వస్తుంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36 శాతం మంది ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. మగవాళ్లలో 31 శాతం. దేశం మొత్తం మీద చూస్తే మహిళల్లో 24 శాతమే. ఇంతమందికి ఒకేసారి మనోబలం తగ్గిపోయిందంటే నేను నమ్మను. మారింది మన చీటీ, మన పని, మన సాయంత్రాలు.

ఇంటి అలవాట్లు మారితే మనిషి మారతాడనడానికి ఆధారం కూడా ఉంది. కనెక్టికట్ విశ్వవిద్యాలయంవాళ్లు 130 జంటలను గమనించారు. ప్రతి జంటలో ఒక్కరికే బరువు తగ్గే ఏర్పాటు చేసి, రెండోవాళ్లకి ఏమీ చెప్పలేదు. ఆరు నెలలకి చూస్తే ఆ రెండోవాళ్లలో దాదాపు మూడోవంతు మంది తమ బరువులో 3 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గారు. చేసిందేమీ లేదు, ఒకే ఇంట్లో ఉన్నారంతే.

ఇప్పుడు చీటీ లెక్కకి వస్తాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకి 2000 కేలరీలు సరిపోయే మనిషికి ఏమేం ఎంతెంత ఉండాలో అందులో చెప్పారు: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులూ గుడ్డూ మాంసమూ కలిపి 85, కూరగాయలూ ఆకుకూరలూ 400, పళ్లు 100, పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనెలూ నెయ్యీ 27 గ్రాములు. ఇవన్నీ వండకముందు తూకాలు. రోజూ ఎవరు తూచుకుంటారు? నెలకి మార్చి, నలుగురున్న ఇంటికి లెక్కగట్టి చూడండి, వెంటనే మన భాషలోకి వచ్చేస్తుంది. ధాన్యాలు 30 కిలోలు. పప్పులూ గుడ్లూ చేపా చికెనూ కలిపి 10 కిలోలు. నూనె సుమారు మూడున్నర లీటర్లు, నెయ్యితో కలిపి. కూరగాయలు 48 కిలోలు.

ఈ లెక్కని మా దగ్గరికి వచ్చే చీటీలతో పోల్చి చూస్తే నాకు దిగులేసింది. నలుగురున్న ఇంటికి ఆరు లీటర్ల నూనె మామూలు. అదనంగా పోతున్న రెండున్నర లీటర్లు నలుగురికీ పంచితే మనిషికి రోజుకి దాదాపు 170 కేలరీలు. డెబ్బై కిలోల మనిషి ఆ 170 కేలరీలు ఖర్చు చేయాలంటే నలభై నిమిషాలు చురుగ్గా నడవాలి. అంటే పొద్దున్నే చెమటలు కక్కుతూ చేసిన నడకంతా తిరగమోత గరిటెలోనే పోతోంది. "ఏ నూనె మంచిదమ్మా, వేరుశనగా, తవుడా, గానుగదా?" అని అడుగుతారు. గుండెకి మంచీ చెడూ వేరే సంగతి. బరువు విషయంలో మాత్రం ఏ నూనైనా గ్రాముకి 9 కేలరీలే. గానుగ నూనె ఖరీదు ఎక్కువ కాబట్టి జాగ్రత్తగా వాడతారేమో, ఆ మేలు ఒప్పుకుంటాను.

బియ్యం దగ్గర జనం ఎక్కువ మోసపోతున్నారు. "మేం రాత్రి అన్నం మానేశాం" అంటారు. చీటీలో బియ్యం బస్తా అలాగే ఉంటుంది, దానికి తోడు ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, గోధుమపిండి, అటుకులు పెరిగి ఉంటాయి. ఇడ్లీ రవ్వ బియ్యమే కదా. బాపట్లలో తయారైన సాంబమసూరి, మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణ, ఇవి కృష్ణా డెల్టాకి అన్నం పెట్టిన వంగడాలు. వాటిని విలన్లను చేయడం నాకు ఇష్టం ఉండదు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటే వంద గ్రాముల కొర్రల్లో 330 ఉంటాయి. కొర్రల్లో పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది, అంతవరకు నిజం. కానీ అన్నం తిన్నంత కొర్రన్నమూ తింటే బరువు తగ్గదు. రాత్రి చపాతీల కథా ఇంతే. నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలు, బంగాళాదుంప కుర్మా తిని "అన్నం ముట్టలేదు" అంటే ఒంటికి తెలియదా? అన్నం తినండి. కంచంలో సగం కూరా ఆకుకూరా ఉండి, పావు వంతు పప్పో గుడ్డో చేపో ఉండి, మిగిలిన పావు వంతులో అన్నం ఉంటే చాలు. మన అలవాటు దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. గుట్టగా అన్నం, దాని మీద రెండు గరిటెల కూర.

అసలు లోటు పప్పు దగ్గర ఉంది. పప్పన్నం మన తిండి అని గొప్పగా చెప్పుకుంటాం. నలుగురికి నూట యాభై గ్రాముల కందిపప్పు ఉడికించి, టమాటానో దోసకాయో వేసి నీళ్లు పోసి పెంచుతాం. ఆ పప్పులో మొత్తం 33 గ్రాముల ప్రొటీన్ ఉంటే మనిషికి వచ్చేది 8 గ్రాములు. అరవై కిలోల మనిషికి రోజుకి 50 గ్రాములు కావాలి. అన్నంలోంచి కొంత, పెరుగులోంచి కొంత వచ్చినా ఇంకా తక్కువే. ప్రొటీన్ తక్కువైతే తొందరగా ఆకలేస్తుంది, ఆ ఆకలికి సాయంత్రం మిక్చర్ పొట్లం తెరుస్తాం. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా వెళ్లింది, గుర్తుందా? అప్పుడు చీటీల్లో పప్పు సగానికి తగ్గింది. నూనె, బిస్కెట్లు తగ్గలేదు. డబ్బు ఇబ్బంది వస్తే ముందు మంచి తిండే తగ్గుతుందని ఆ ఏడాది చూశాను. అందుకే పెసలు, ఉలవలు, బొబ్బర్లు, శనగలు ఎదురుగా కనపడేలా పెడతాను. పొట్టు పెసలు నానబెట్టి వేసిన పెసరట్టుకి ఏ విదేశీ ప్రొటీన్ డబ్బా సాటిరాదని నా నమ్మకం, నూనె చుట్టూ పోయకపోతే. ఉప్మా పెసరట్టు పండగలకి ఉంచుకుందాం.

కూరగాయలు 48 కిలోలన్నది చదివి చాలామంది నవ్వుతారు. వారానికి 11 కిలోలు. పటమట రైతు బజార్లో పెద్ద సంచి నింపినా అంత తూగదు. రేషన్ బియ్యం ఉచితంగా వచ్చే ఇంటికి అన్నం తేలిక, ఆకుకూర ఖర్చు. ఇలాంటి ఇంటికి "సలాడ్లు తినండి" అని చెప్పేవాళ్లంటే నాకు కోపం. అన్నానికి పెట్టే బియ్యంలో ఒక గ్లాసు తగ్గించి, కూరలో ఆనపకాయో బీరకాయో పొట్లకాయో ఒకటి అదనంగా వేస్తే అదే పెద్ద మార్పు. ఇవి చవగ్గా దొరికేవే, నీరున్నవే, కడుపు నింపేవే.

చక్కెర, ఉప్పు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మనిషికి రోజుకి 25 గ్రాముల లోపు చక్కెర అనుకుంటే నలుగురికి నెలకి 3 కిలోలు, అదీ స్వీట్లూ కూల్‌డ్రింకులూ బిస్కెట్లలో ఉన్నది కూడా కలిపి. ఉప్పు రోజుకి 5 గ్రాముల చొప్పున నెలకి 600 గ్రాములు. ఆవకాయ, గోంగూర పచ్చడి జాడీల్లో ఉన్న ఉప్పు కూడా ఈ లెక్కలోదే. తేనె నిమ్మరసం తాగితే కొవ్వు కరగదు. తేనె కూడా చక్కెరే.

ఇక నడక. మా సత్యనారాయణపురంలో ఒకప్పుడు రైలు పట్టాలున్న దారి ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు. తెల్లవారుజామున అక్కడ నడిచేవాళ్లతో కళకళలాడుతుంది. ఇందిరాగాంధీ స్టేడియం, రాజీవ్‌గాంధీ పార్కు, ఎక్కడ చూసినా అంతే. కొంచెం దగ్గరగా చూస్తే మగవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ఆడవాళ్లెక్కడ? ఆ వేళకి వాళ్లు పిల్లల టిఫిన్ బాక్సులు కడుతున్నారు. ఏడున్నరకి పని తెమిలేసరికి వేసవిలో బెజవాడ ఎండ మొదలైపోతుంది. ఆమెకి నడవాలని బుద్ధి లేదంటారా? ఇంట్లో ఇంకొకరు ఆ గంటసేపు పొయ్యి దగ్గర నిలబడితే ఆమె నడుస్తుంది. వ్యాయామం కూడా ఇంటివాళ్లందరూ కలిసి ఇచ్చుకోవాల్సిన సమయమే.

నడకతోనే బరువు తగ్గుతుందని ఆశపెట్టుకోవద్దని మాత్రం నేను గట్టిగా చెబుతాను. గంట నడిస్తే 250 కేలరీల దాకా ఖర్చవుతాయి. తిరిగొస్తూ తినే పూరీ కూరతో అవి మొత్తం తిరిగొచ్చేస్తాయి. నడక మేలు వేరే చోట ఉంది. షుగర్ అదుపులో ఉంటుంది, నిద్ర పడుతుంది, తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా నిలబడుతుంది. రాత్రి భోజనం అయ్యాక డాబా మీద పావుగంట తిరిగినా రక్తంలో చక్కెర అంత పైకి వెళ్లదు. పదివేల అడుగులు పూర్తి కాలేదని టెన్షన్ పడేవాళ్లున్నారు. ఆ పదివేలు 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చిన అంకె. 2019లో వయసు మళ్లిన మహిళల మీద జరిగిన అధ్యయనంలో 7500 అడుగుల తర్వాత అదనపు మేలు పెద్దగా కనబడలేదు. నడకతో పాటు వారానికి రెండు రోజులు కండరాలకి బరువు పడే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీన్ని మనవాళ్లు అసలు పట్టించుకోరు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులు పెట్టి తోయడం, రెండు నీళ్ల సీసాలు ఎత్తడం, వీటితో మొదలుపెట్టొచ్చు. నలభై దాటిన ఆడవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

"నేనెంత బరువుండాలి?" అన్న ప్రశ్నకి కాటా ఒక్కటే జవాబు చెప్పలేదు. మనవాళ్లకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 23 దాటితే ఎక్కువ, 25 దాటితే ఊబకాయం అని మన డాక్టర్లు లెక్కేస్తున్నారు, మిగతా ప్రపంచంలో ఈ హద్దులు 25, 30. ఎందుకంటే మన ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పుణె డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండు డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి లెక్కే బయటపెట్టారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. అందుకే సన్నగా ఉన్నవాళ్లు "నాకేం భయం లేదు" అనుకోకూడదు. టైలర్ టేపు తెచ్చుకుని నడుము కొలవండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే ఇంటి వంట గురించి ఆలోచించాల్సిన సమయం వచ్చిందని అర్థం. ప్యాంటు సైజు చూడొద్దు, దాన్ని బొడ్డు కింద కడతారు.

నా వాదనకి ఎదురు చెప్పేవాళ్ల మాట కూడా విన్నాను. "ఇంట్లో ఒకరు లావు, ఒకరు సన్నం, ఒకరు షుగర్, ఒకరు ఎదిగే పిల్లవాడు. అందరికీ ఒకే వంట ఎలా?" అని అడుగుతారు. వంట ఒకటే ఉండొచ్చు, వడ్డన వేరుగా ఉండాలి. ఎదిగే పిల్లవాడికి ఇంకో గరిటె అన్నం, ఇంకో గుడ్డు. నూనె తగ్గిన కూర ఎవరికీ చెడు చేయదు. ఇంకొకరు, "మా వాడు హాస్టల్లో ఉంటాడు, మా ఆయన బయటే తింటాడు, చీటీ చూసి ఏం తెలుస్తుంది?" అన్నారు. నిజమే. అలాంటి ఇళ్లు బయటి తిండిని కూడా చీటీ అడుగున రాసుకోవాలి. నెలకెన్ని బిర్యానీలు, ఎన్ని ఆర్డర్లు, ఎన్ని బజ్జీ పొట్లాలు. ఆ వరస చూశాక ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

కొన్ని సందర్భాల్లో చీటీ సరిపోదని కూడా చెప్పాలి. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, మాత్రలు వేసుకునేవాళ్లు ఎవరో చెప్పారని అన్నం ఉన్నట్టుండి ఆపేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ముందు డాక్టర్ని అడిగి మందు సరిచేయించుకోవాలి. థైరాయిడ్, పీసీఓడీ, స్టెరాయిడ్ మందులు ఉన్నవాళ్లదీ అదే దారి. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. మౌంజారో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. అవి పనిచేస్తాయి, అవసరమైనవాళ్లు సిగ్గుపడకుండా డాక్టరు పర్యవేక్షణలో వాడాలి. అయితే సెమాగ్లూటైడ్ అనే ఇలాంటి ఇంకో ఇంజెక్షన్ మీద జరిగిన ఒక పెద్ద పరిశీలనలో, ఇంజెక్షన్ ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. మందు ఆకలిని తగ్గిస్తుంది, వంటింట్లోకి వచ్చే నూనె డబ్బాలని తగ్గించదు.

మా వీధివాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్తుంటే ఒక మాట చెబుతున్నాను. బ్లడ్ రిపోర్టులతో పాటు రెండు నెలల సరుకుల చీటీలు కూడా పట్టుకెళ్లమంటున్నాను. లావుగా ఉన్న మనిషి ఒక్కరే కాకుండా, చీటీ రాసేవాళ్లూ డబ్బులిచ్చేవాళ్లూ కూడా పక్కన కూర్చోవాలంటున్నాను. కొందరు డాక్టర్లు పక్కన పెట్టేశారట. కొందరు మాత్రం పెన్ను తీసుకుని నూనె దగ్గరా పప్పు దగ్గరా గీతలు గీసి, వచ్చే నెల చీటీ కూడా తెమ్మన్నారట.